రోయింగ్ టీమ్‌కి ఒక్క కోచ్ సరిపోతాడా? తెలిసినవాళ్లు చెప్పండి

మాది బరంపురం. కాలేజీ రోయింగ్ టీమ్‌లో ఉన్నాను, ప్రాక్టీసు ఛత్రపూర్ పక్కన తంపర సరస్సులో. మాకు అన్నీ పీడీ సారే. మంచాయనే కానీ ఆయన ఆట వాలీబాల్. గట్టు మీద నుంచి ఒడియాలో, తెలుగులో అరుస్తుంటారు, మాకు సగమే వినిపిస్తుంది.

అసలు ఇబ్బంది ఇది. నా ముందు కూర్చునే తమ్ముడి తెడ్డు మాటిమాటికీ నీళ్లలో ఇరుక్కుని, పిడి వచ్చి పొట్టకి గుద్దుతోంది. తప్పు వాడి మణికట్టుదా, తెడ్డు బిగించే కొక్కెం ఎత్తుదా? పడవ పక్కనే మోటారు బోటులో వచ్చేవాళ్లుంటే కదా తెలిసేది! సేఫ్టీకైనా ఆ బోటు ఉండాలి.

ఇప్పుడు కాలేజీవాళ్లు ఒక్కరికే జీతమిస్తామంటున్నారు. 2000 మీటర్ల రేసుకి తయారుచేసే కోచ్‌ని అడగాలా, పడవల సెట్టింగు, రిపేర్లు తెలిసిన మనిషినా? సీనియర్లు కోచ్ అంటున్నారు, నాకైతే రెండో మనిషే ముందనిపిస్తోంది.

కటక్ దగ్గర జగత్పూర్‌లో ఉన్న సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) కేంద్రంలోగానీ, హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లోగానీ నేర్చుకున్నవాళ్లెవరైనా ఉంటే, మీ దగ్గర ఈ పనులు ఎవరెవరు చూసేవారో కాస్త రాయండి. పీడీ సార్‌ని నొప్పించకుండా ఈ మాట ఎలా ఎత్తాలో కూడా చెప్పండి.