ఓ గ్రోవె సముద్రాహార ఉత్సవంలో తినడంతో పాటు చూడవలసినవి ఏమిటి?

ప్రశ్న:
స్పెయిన్‌లోని గలీసియా తీరాన, ఓ గ్రోవె పట్టణంలో 1963లో మొదలై ఏటా అక్టోబర్‌లో జరిగే సముద్రాహార ఉత్సవానికి ఈసారి వెళ్ళాలనుకుంటున్నాను. రేవు దగ్గరి పందిళ్ళలో తిని వచ్చేయడమేనా, ఆ తీరవాసుల జీవనాన్ని దగ్గరగా చూసే వీలు కూడా ఉంటుందా? ఆ నెలకు ఏదైనా ప్రత్యేకత ఉందా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1:
అక్టోబర్ మంచి అదను. వసంతం నుంచి వేసవి చివరి దాకా వీచే ఉత్తరపు గాలులు పైనీటిని తీరానికి దూరంగా నెట్టేయడంతో, అడుగున ఉన్న చల్లని, పోషకాలు నిండిన నీరు పైకి ఉబికి, ఆ పట్టణం పక్కనున్న అరౌసా అఖాతంలోకి చేరుతుంది. ఆ నీటిలో పెరిగే సూక్ష్మమైన నాచును వడగట్టుకుని తినే ఆలుచిప్పలు శరదృతువు నాటికి బాగా కండపట్టి ఉంటాయి. పడవ మీద అఖాతంలోకి వెళ్ళి ‘బతేయా’ అనే కొయ్య తెప్పలను తప్పక చూడండి. ఒక్కో తెప్ప నుంచి గరిష్ఠంగా 500 తాళ్ళు, 12 మీటర్ల లోతు వరకు వేలాడుతుంటాయి. ఆలుచిప్పలు పెరిగేది ఆ తాళ్ళను పట్టుకునే.

జవాబు 2:
తెప్పల కంటే ముందు ‘మరిస్కదోరా’ల పనిని చూడమంటాను. సముద్రం ఆటుకు వెనక్కి తగ్గగానే, నడుము వంచి, దంతెలతో ఇసుకను గీరి గుల్లలు ఏరే ఈ పనివారిలో అత్యధికులు స్త్రీలు. అనుమతిపత్రం లేనిదే ఎవరూ ఏరకూడదు. మనిషికి రోజుకు ఇంతేనన్న పరిమితి కూడా ఉంటుంది. పిల్ల గుల్లలను నాటి, వాటిని కాపాడుకునే భారమూ వారిదే. 2023 శరదృతువులో కురిసిన భారీ వర్షాలకు అఖాతాల నీటిలో ఉప్పదనం పడిపోయి గుల్లలు పెద్దఎత్తున చనిపోయాయి, దానితో వారి బతుకుతెరువే దెబ్బతిన్నది. ఉత్సవంలో ‘గైతా’ అనే తిత్తి వాద్యం వినండి, కానీ ఆటు వేళలు కనుక్కుని ఒక ఉదయం వీరి కోసం కేటాయించండి. దూరం నుంచే చూడండి, మడులలోకి దిగవద్దు.

జవాబు 3:
తినే విషయానికి వస్తే, ఆలివ్ నూనె, మిరపపొడి చల్లిన ఆక్టోపస్‌తో మొదలుపెట్టండి. బండలకు అతుక్కుని పెరిగే ‘పెర్సెబెస్’ అనే చిన్న సముద్రజీవులు ఖరీదైనవే, అయితే అలలు విరిగిపడే చోట ప్రాణాలకు తెగించి వాటిని గీకి తెచ్చేవారి శ్రమకు ఆ ధర న్యాయమే. ఒక్క జాగ్రత్త: విషపూరితమైన నాచు పెరిగినప్పుడు అధికారులు పరీక్షలు జరిపి కొన్ని తెప్పల నుంచి ఆలుచిప్పలు తీయడాన్ని ఆపేస్తారు. ఆ రోజుల్లో అవి తక్కువగా దొరికితే నిరాశపడకండి, అది మీ ఆరోగ్యం కోసమే.