రీఫిల్ చేసిన ప్రింటర్ ఇంకు కాట్రిడ్జ్ ఎండిపోకుండా ఎలా దాచాలి?

సిరాచుక్క:
నల్లది బాగానే వస్తోంది. కలర్ కాట్రిడ్జ్ మాత్రం నింపి పక్కన పెడితే కొన్నాళ్లకి మెజెంటా (ముదురు గులాబీ రంగు) గీతలు గీతలుగా పడుతోంది. ఇంకు నిండుగానే ఉంది. వాడనప్పుడు మీరంతా ఎలా దాస్తున్నారు?

నాజిల్‌మిత్ర:
ముందు హెడ్ (ఇంకుని కాగితం మీద చిమ్మే భాగం) ఎక్కడుందో చూడండి. కాట్రిడ్జ్ అడుగున సన్నటి లోహపు రేకు, పక్కన రాగి చుక్కల పట్టీ ఉంటే హెడ్ దానిలోనే ఉన్నట్టు. హెచ్‌పీ, కానన్‌లలో చాలా మోడళ్లు ఇంతే. ఎప్సన్‌లో హెడ్ ప్రింటర్‌లోనే ఉంటుంది, అక్కడ కాట్రిడ్జ్ తీసి బయట పెట్టకూడదు. మీది మొదటి రకమైతే గోరువెచ్చటి నీళ్లతో తడిపిన టిష్యూ మడతపెట్టి, దాని మీద రేకుని కాసేపు ఆనించండి. రుద్దొద్దు. మూడు రంగులూ మూడు చారలుగా దిగితే దారి తెరుచుకున్నట్టే.

పాతకాపీ:
ప్రింటర్‌లోని క్లీనింగ్ ఆప్షన్ పదే పదే కొట్టకండి, బోలెడు ఇంకు వేస్ట్ ప్యాడ్‌లోకి (వృథా ఇంకుని పీల్చుకునే మెత్తలోకి) పోతుంది. దాచడానికి నేను గాలి చొరబడని చిన్న డబ్బా వాడతాను. ఒక మూల తడిపి పిండిన దూది, దానికి తగలకుండా కాట్రిడ్జ్. రేకు మీద మామూలు టేపు అంటించడం నాకు అస్సలు నచ్చదు. జిగురు నాజిళ్లలో (ఇంకు వచ్చే సన్నటి రంధ్రాల్లో) మిగిలిపోతుంది, పైగా టేపు కింద పక్కపక్క రంగులు కలిసిపోతాయి.

రంగులరాట్నం:
నింపడంలోనే సగం ఉందండీ. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగొద్దు. వేడితో పనిచేసే హెడ్‌ని చల్లబరిచేది ఆ ఇంకే, అది లేకుండా కొడితే హెడ్ కాలిపోతుంది. పై స్టిక్కర్ తీస్తే కనిపించే రంధ్రాల్లో ఏది ఏ రంగో పుల్లతో ముంచి చూసుకోండి, మోడల్‌ని బట్టి మారుతుంది. సిరంజీ తొందరగా నొక్కితే స్పాంజ్‌లో గాలి బుడగలు మిగులుతాయి. పైకి ఉబికితే వెంటనే ఆ కాస్తా వెనక్కి లాగేయండి. స్టిక్కర్ తిరిగి వేసేటప్పుడు గాలి దారి మూసుకుపోకూడదు, లోపలికి గాలి వెళ్లకపోతే ఇంకు కిందికి దిగదు.

సిరాచుక్క:
టిష్యూ మీద పసుపు, సయాన్ (లేత నీలం) చక్కగా దిగాయి. మెజెంటా లేతగా ఉంది.

నాజిల్‌మిత్ర:
లేతగానైనా వచ్చిందంటే బతికే ఉంది, టిష్యూ మార్చి మళ్లీ ఆనించండి. ప్రింటర్‌ని దాని బటన్‌తోనే ఆపండి. గోడ దగ్గర స్విచ్ కట్టేస్తే కాట్రిడ్జ్ ప్రింటర్‌లో హెడ్‌ని కప్పి ఉంచే మూత మీదికి చేరకముందే ఆగిపోవచ్చు, నాజిళ్లు గాలికి ఎండుతాయి.

పాతకాపీ:
కొత్త ఇంకు కొనేటప్పుడు డై రకమా (రంగు కరిగి ఉండేది) పిగ్మెంట్ రకమా (సన్నటి రంగు పొడి కలిసి ఉండేది) అని తప్పకుండా చూడండి. ఒకదాని మీద ఇంకోటి పోస్తే లోపల గడ్డకట్టే ప్రమాదం ఉంది. అప్పుడు ఈ టిష్యూ చిట్కా కూడా పనిచేయదు.