మాత్రల స్ట్రిప్పు మీద క్యూఆర్ కోడ్: నకిలీ మందును అది ఆపగలదా?

వాణి, రేపల్లె:
మా నాన్నగారికి 76 ఏళ్లు. చాలాకాలంగా రక్తపోటు మాత్రలు వాడుతున్నారు. గత నెల రోజూ మాత్ర వేసుకుంటున్నా రెండు వారాలు రక్తపోటు దిగలేదు. వేరే కొట్టులో అదే మందు కొన్నాక నాలుగు రోజుల్లో అదుపులోకి వచ్చింది. మొదటిది నకిలీ అని నేను నిరూపించలేను. స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చారు. బ్యాచ్ నంబరు ఉన్న ముక్క ఇంకెవరి ఇంటికో వెళ్లిపోయింది.

2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో 300 బ్రాండ్ల మందుల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి చేశారు. డోలో, అల్లెగ్రా, షెల్కాల్, మెఫ్టాల్ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. నాన్నగారి మందు లేదు. ఈ నియమాన్ని అన్ని మందులకూ వర్తింపజేయాలని నా వాదన. కాదనేవారు కారణం చెప్పండి.

మందుల కొట్టు, తెనాలి:
వాణిగారూ, నాన్నగారు కోలుకున్నందుకు సంతోషం. 26 ఏళ్లుగా కొట్టు నడుపుతున్నాను, కాదనేవారిలో నేనూ ఉన్నాను. సాయంత్రమైతే కౌంటరు ముందు పదిమంది నిలబడతారు. ఒక్కో చీటీలో ఐదారు మందులు. "నాలుగు మాత్రలు చాలండీ" అనేవారే ఎక్కువ, స్ట్రిప్పు మొత్తానికి డబ్బు ఉండదు. కత్తెర పట్టుకునేది అందుకే.

నకిలీ సరుకు మా దగ్గరికి ఎలా వస్తుందో చెబుతాను. డిస్ట్రిబ్యూటర్ ధర కంటే బాగా తక్కువకు ఇస్తానంటూ ఎవరో సంచితో వస్తారు, బిల్లు ఉండదు. దాన్ని గుమ్మంలోనే తిప్పి పంపాలి. కొనుగోలు బిల్లులో బ్యాచ్ నంబరు ఉంటుంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ బిల్లును అరలోని స్ట్రిప్పులతో పోల్చి చూస్తే బండారం బయటపడుతుంది. కావలసింది ఇన్‌స్పెక్టర్లు, పరీక్షా ప్రయోగశాలలు.

2024 మార్చిలో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు పట్టుకున్న యాంటీబయాటిక్ మాత్రల సంగతి గుర్తుందా? లోపల మందు లేదు, సుద్దపొడి ఉంది. పెట్టె మీద రాసిన కంపెనీయే ఎక్కడా లేదు. కంపెనీ పేరునే పుట్టించినవారు ఒక కోడ్ ముద్రించలేరా?

ప్యాకింగ్ విభాగం, హైదరాబాద్:
మందుల ఫ్యాక్టరీలో పదేళ్లుగా ప్యాకింగ్ పని చూస్తున్నాను. చర్చ ముందుకు వెళ్లేలోపు కోడ్‌లో ఏముంటుందో తెలుసుకోవడం అవసరం. 300 బ్రాండ్ల నియమం అడిగేవి ఇవి: ఉత్పత్తి గుర్తింపు సంఖ్య, మందు అసలు పేరు, బ్రాండు పేరు, తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు. ఒక బ్యాచ్‌లో లక్షల మాత్రలు తయారవుతాయి, వాటన్నిటికీ ఈ వివరాలు ఒకటే. ప్రతి స్ట్రిప్పుకూ వేరే సంఖ్య ఉండాలని నియమం చెప్పదు. నకిలీ చేసేవారు అసలు స్ట్రిప్పు ఒకటి కొని, దాని కోడ్‌నే తమ రేకు మీద అచ్చు వేసుకోవచ్చు. వాణిగారు ఫోనుతో చూస్తే అన్ని వివరాలూ సరిగ్గా కనిపిస్తాయి. కోడ్ లేని మందును కనీసం అనుమానిస్తాం, దీన్ని అనుమానించం. నాకు భయం అక్కడే.

అమెరికాకు పంపే సరుకు వేరు. అక్కడి 2013 చట్టం ప్రకారం అమ్మే ప్రతి డబ్బాకూ దానికి మాత్రమే చెందిన సంఖ్య ఉండాలి. ఒకే సంఖ్య రెండు చోట్ల కనబడితే అనుమానించడానికి ఆధారం దొరుకుతుంది. రెండు రకాల పెట్టెలూ మా ఆవరణలోనే తయారవుతాయి. విదేశానికి వెళ్లే డబ్బాకు ఉన్న రక్షణ తెనాలికి వెళ్లే స్ట్రిప్పుకు లేదని తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

తెనాలి అన్నగారు అడిగినదానికి జవాబు: లైసెన్సు ఉన్న తయారీదారుల సంఖ్యలు మాత్రమే ఒక జాతీయ పట్టికలో ఉంటే, లేని కంపెనీ పేరు స్కాన్ చేయగానే దొరికిపోతుంది. పట్టిక లేకుండా ముద్రించిన కోడ్ వట్టి సిరా.

కీమో వార్డు నర్సు:
కంపెనీ, పెట్టె, లేబులు అన్నీ అసలువే అయితే ఏం చేస్తారు? 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా అదే పని చేసింది. క్యాన్సర్ ఇంజెక్షన్ల ఖాళీ సీసాలు సేకరించి, వాటిలో ఫంగస్ మందు నింపి, రోగులకు లక్షల్లో అమ్మింది. అరెస్టయినవారిలో ఆసుపత్రుల్లో పనిచేసేవారు కూడా ఉన్నారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొలం అమ్మి ఇంజెక్షన్ కొన్న కుటుంబాలను నేను రోజూ చూస్తాను.

ఇప్పుడు మందు ఎక్కించడం పూర్తికాగానే లేబులు మీద నల్ల ఇంకు పూసి, సీసాను రోగి బంధువుల ముందే చెత్తకు వేయిస్తున్నాను. దీనికి ఫోను అక్కర్లేదు. పోలియో చుక్కల సీసా మీద వృత్తంలో ఉండే చిన్న చతురస్రం కూడా అలాంటిదే. వేడి తగిలేకొద్దీ అది ముదురుతుంది, చుట్టూ ఉన్న వృత్తం రంగుకు చేరితే ఆ సీసా వాడకూడదు. అది నకిలీని పట్టేది కాదు గానీ, ఊళ్లో టీకాలు వేసే అమ్మాయి చూడగానే చెప్పగలదు. ప్యాకింగ్ తెలివిగా ఉండడమంటే నాకు గుర్తొచ్చేది అదే.

ఫార్మసిస్టు, డబ్లిన్ (సొంత ఊరు ఏలూరు):
నర్సుగారూ, మీరు చెప్పిన మోసానికి కూడా సంఖ్య అడ్డుపడుతుంది, కాకపోతే మందు ఇచ్చేటప్పుడు దాన్ని రద్దు చేయాలి. యూరప్‌లో 2019 ఫిబ్రవరి 9 నుంచి ఇదే పద్ధతి. దాదాపు ప్రతి ప్రిస్క్రిప్షన్ మందు పెట్టెకూ సొంత సంఖ్య, విప్పితే తెలిసిపోయే మూత ఉంటాయి. రోగికి ఇచ్చేముందు స్కాన్ చేస్తే పట్టికలో ఆ సంఖ్య ముగిసిపోతుంది. మళ్లీ ఎక్కడైనా కనబడితే హెచ్చరిక వస్తుంది. మీ ఇంజెక్షన్లకైతే పెట్టె మీద ఉంటే చాలదు, సీసా మీద కూడా సంఖ్య ఉండాలి.

మొదట్లో చాలా ఇబ్బంది పడ్డాం. కంపెనీలు సంఖ్యలు సరిగ్గా ఎక్కించకపోవడంతో మంచి మందుకే హెచ్చరికలు వచ్చేవి. పెట్టెలోంచి కొంచెమే ఇవ్వాల్సి వస్తే, మొదటిసారి పెట్టె విప్పేటప్పుడే స్కాన్ చేస్తాం. తెనాలి అన్నగారికి ఇది పనికొస్తుందేమో.

మందుల కొట్టు, తెనాలి:
పెట్టె విప్పేటప్పుడు ఒక్కసారి అంటే చేయగలను. బిల్లింగ్ కోసం స్కానర్ ఎలాగూ ఉంది. నెట్ పోయిన సాయంత్రం ఏం చేయాలో మాత్రం నియమంలోనే రాసి ఉండాలి, రోగిని వెనక్కి పంపలేను. ఖర్చు సంగతిలో నా మాట మారలేదు. చిన్న కంపెనీ కొత్త ప్రింటరు, కెమెరా కొంటే ఆ భారం చవక మందు మీద పడుతుంది. నాలుగు మాత్రలు కొనేవారు మూడు కొంటారు. స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు బ్యాచ్ నంబరు ఉన్న ముక్కను చివరిదాకా ఉంచి, ఆ నంబరును బిల్లులో వేసి ఇవ్వడం మా బాధ్యత. అక్కడ వాణిగారిదే న్యాయం.

వాణి, రేపల్లె:
ఇప్పుడున్న నియమాన్నే అన్ని మందులకూ పెట్టాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్రతి పెట్టెకూ వేరే సంఖ్య, అమ్మేచోట దాని రద్దు కావాలి. క్యాన్సర్ ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్‌లతో మొదలుపెట్టాలి. ఖర్చు విషయంలో అన్నగారితో ఏకీభవించలేను. మందు లేని మాత్ర కొన్నవారికి పెట్టిన ప్రతి రూపాయీ నష్టమే. చిన్న కంపెనీల ప్రింటర్లకు ప్రభుత్వం సాయం చేయాలి.

ప్యాకింగ్ విభాగం వారికి ఒక ప్రశ్న. స్ట్రిప్పులో ప్రతి మాత్ర వెనకా బ్యాచ్ నంబరు, గడువు తేదీ వేయడం సాధ్యమేనా?

ప్యాకింగ్ విభాగం, హైదరాబాద్:
సాధ్యమే. మందు పేరు మారదు కాబట్టి రేకు మీద ముందే వరసలుగా అచ్చయి వస్తుంది. బ్యాచ్, గడువు మారుతుంటాయి, వాటిని లైను నడుస్తుండగా వేయాలి. ఇప్పుడు స్ట్రిప్పు అంచున ఒక్కచోట వేస్తున్నాం. పది చోట్ల వేయాలంటే లైను వేగం తగ్గుతుంది, ముద్ర సరిగ్గా పడిందో లేదో చూసే కెమెరా కావాలి. సోమవారం మా షిఫ్టు ఇన్‌ఛార్జిగారితో మాట్లాడి, వేగం ఎంత తగ్గుతుందో లెక్క వేయించి ఇక్కడ రాస్తాను.