నస్రిద్ ప్యాలెస్ టికెట్ లేకుండా గ్రనడా వెళ్ళడం దండగేనా?

చలికోటు:
మేం మ్యూనిక్‌లో ఉంటాం. అక్టోబర్ 12 వచ్చే వారాంతానికి స్పెయిన్‌లో గ్రనడా చూద్దామని మలగాకి ఫ్లైట్ బుక్ చేశాను. శుక్రవారం రాత్రి దిగి బస్సులో గ్రనడా, శని, ఆదివారాలు అక్కడే, సోమవారం వెనక్కి. నలుగురం. ఫ్లైట్ అయింది, హోటల్ అయింది, నిన్న తీరిగ్గా అక్కడి కొండ మీదున్న పాత సుల్తానుల కోట అల్హంబ్రాకి టికెట్ల కోసం అధికారిక సైట్ తెరిస్తే ఆ రెండు రోజులకీ కోటలోని రాజభవనాలు, అంటే నస్రిద్ ప్యాలెస్‌లు కలిసిన టికెట్ ఒక్కటీ లేదు. హెనెరలీఫే తోటలు, అల్కసాబా కోట మాత్రం చూపించే టికెట్ ఉంది. హోటల్ ఇంకా కాన్సిల్ చేసుకోవచ్చు. మలగా నుంచి కోర్దొబా రైల్లో గంట ప్రయాణమేనట. ఊరు మార్చాలా, ఉన్నదాంతో గ్రనడాకే వెళ్ళాలా? ఇంట్లో ఒకరొకటి అంటున్నారు, మీరే తేల్చండి.

నడకదారి:
నిశ్చింతగా గ్రనడా వెళ్ళండి. గ్రనడా అంటే అల్హంబ్రా ఒక్కటే అనుకునేవాళ్ళు పొద్దున బస్సు దిగి సాయంత్రం బస్సెక్కి పోతారు, వాళ్ళకి ఊరు దొరకదు. డారో ఏటి పక్కన కరేరా దెల్ డారో అని ఒక సన్నటి వీధి ఉంది, ఆ దారిలోనే 11వ శతాబ్దపు స్నానశాల ఎల్ బాన్యువేలో, తల పైకెత్తితే నెత్తి మీద కోట. అక్కణ్ణుంచి అల్బైసిన్ అనే పాత పేట సందుల్లో పడి సాన్ నికోలాస్ అనే చోటికి ఎక్కితే ఎదురుగా మొత్తం అల్హంబ్రా, దాని వెనక సియెర్రా నెవాడా కొండలు. లోపల తిరుగుతున్నవాడికి గోడలే కనిపిస్తాయండీ, కోట కనపడేది ఈ కొండ మీదున్నవాడికే. పైగా అల్హంబ్రా కొండ మీద ఐదవ చార్లెస్ రాజభవనానికి టికెట్ లేదు, న్యాయద్వారం గుండా ఊరికే నడిచిపోవచ్చు. ఊళ్ళో రాయల్ చాపెల్ వదలకండి. ఇసబెల్లా, ఫెర్డినాండ్ సమాధులు అక్కడే. పైన పాలరాతి శిల్పాలు చూసి ఓహో అనుకుని, పక్కనున్న మెట్ల మీంచి కిందికి చూస్తే చిన్న నేలమాళిగ, అందులో ఏ ఆర్భాటమూ లేని సీసపు పెట్టెలు. 1492 జనవరి 2న చివరి సుల్తాన్ బోఅబ్దిల్ ఊరప్పజెప్పింది వాళ్ళిద్దరికే.

లెక్కలమాస్టారు:
ఎదుటి కొండ మీంచి చూడటానికి అంత ఖర్చెందుకండీ, ఫోన్లో చూసుకుంటే పోలా? నస్రిద్ ప్యాలెస్‌లు లేకుండా అల్హంబ్రా అంటే తిరుమల కొండెక్కి దర్శనం చేసుకోకుండా లడ్డూ కొనుక్కుని దిగిపోవడమే. కొండ మీద అసలు సరుకు అదే. 14వ శతాబ్దంలో సుల్తాన్ ఐదవ మహమ్మద్ కట్టించిన సింహాల ప్రాంగణం, 12 రాతి సింహాల మీద నీళ్ళ పళ్ళెం, పక్క గదిలో కప్పు నిండా తేనెపట్టు గదుల్లాంటి వేలకొద్దీ సున్నపు చెక్కడాలు. ఇవి లేని టికెట్ కొనుక్కుని నేను అల్హంబ్రా చూశానని చెప్పుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

కోర్దొబా వెళ్ళండి. మెస్కీతాలో 8వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టి తరతరాలుగా పెంచుకుంటూ పోయిన మసీదు, 856 స్తంభాలు, ఎర్రా తెల్లా చారల కమానులు, 16వ శతాబ్దంలో ఆ నట్టనడుమ లేపిన పెద్ద చర్చి. అక్కడ టికెట్‌కి ఇంత రాద్ధాంతం లేదు. కాకపోతే ఆదివారం పొద్దున పూజల వేళ కాసేపు జనాన్ని రానివ్వరు, శనివారమే చూసేయండి.

పెసరట్టు_ప్రియుడు:
శాకాహారులా, మాంసాహారులా? అది చెప్పకుండా ఊరు ఎలా తేలుస్తున్నారో నాకర్థం కాదు.

రైన్‌తీరం:
గ్రనడా కార్డ్ అని నగరం వాళ్ళది ఒకటుంది, అందులో అల్హంబ్రా ప్రవేశం నస్రిద్ స్లాట్‌తో సహా కలిసి వస్తుంది. దాని కోటా వేరు. మామూలు టికెట్లు అయిపోయినా అందులో దొరకొచ్చు. రేటు ఎక్కువే, కానీ చాపెల్, కెథీడ్రల్ లాంటివీ అందులోనే. రాత్రిపూట ప్యాలెస్‌లు చూపించే టికెట్ కూడా విడిగా ఉంటుంది. రెండూ చూశారా?

నడకదారి:
మాస్టారూ, తిరుమలతో పోలికేంటండీ. అక్కడ దేవుడున్నాడు. ఇక్కడున్నది 500 ఏళ్ళ కింద రాజు ఖాళీ చేసి వెళ్ళిన ఇల్లు. దర్శనం కాకపోతే పుణ్యం పోతుందా?

లెక్కలమాస్టారు:
పోలిక అర్థం చేసుకోవడం రాకపోతే నేనేం చెయ్యను. పుణ్యం గురించి కాదు, దేనికోసం బయల్దేరామో అది చూడకుండా రావడం గురించి.

గోదారిగట్టు:
1492 అంటే మన కృష్ణదేవరాయలు గద్దెనెక్కడానికి 17 ఏళ్ళ ముందు. ఊరికే గుర్తొచ్చి చెప్పాను.

నడకదారి:
పోలిక తెచ్చింది మీరు, వివరించాల్సిందీ మీరే. సరే వదిలేయండి. నస్రిద్ స్లాట్ ఉన్నవాళ్ళ తంతు నేను కళ్ళారా చూశాను. టికెట్ మీద వేసిన టైముకి గేటు దగ్గరుండాలి, దాటితే రానివ్వరు, దాంతో పొద్దుణ్ణుంచీ టెన్షన్. హెనెరలీఫే తోటలో నీళ్ళ చప్పుడు వింటూ కూర్చోవాల్సిన మనుషులు వాచీ చూసుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తడం. లోపలికెళ్ళాక ముందువాడి వీపు, వెనకవాడి సెల్ఫీ కర్ర. ఇందుకేనా మీ దర్శనం?

లెక్కలమాస్టారు:
అందని ద్రాక్ష పుల్లన. నా అనుభవం చెప్తాను వినండి, అప్పుడు తెలుస్తుంది నేనెందుకింత గట్టిగా అంటున్నానో. మాకూ ఇలాగే టికెట్లు అయిపోతే, నెట్‌లో ఒక మధ్యవర్తి సైట్‌లో గైడ్‌తో కలిపి అని రెట్టింపు డబ్బు పోసి కొన్నాను. నస్రిద్ ఉందని స్పష్టంగా రాశాడు. ముందు రోజు రాత్రి మెయిల్: 'సాంకేతిక కారణాల వల్ల తోటల టూర్‌గా మార్చాము.' ఫోన్ చేస్తే ఎత్తడు. డబ్బు వెనక్కి రావడానికి బ్యాంకుతో నెలల తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు. అప్పుడు మేం చేసింది సరిగ్గా నడకదారి గారు చెప్పినదే, కొండ ఎక్కాం, తోటలు చూశాం, సాన్ నికోలాస్ ఎక్కి ఫొటో దిగాం. గిటార్ వాయించే వాళ్ళు, గాజులమ్మే వాళ్ళు, గోడ మీద కూర్చోడానికి ఖాళీ లేదు. మా ఆవిడ ఆ గోడ దగ్గర ఒకే మాట అంది, 'అక్కడికి వెళ్ళాల్సినవాళ్ళం ఇక్కడ నిలబడ్డాం' అని.

నడకదారి:
అంటే మీ కోపం ఆ సైట్ వాడి మీద. గ్రనడా మీద చూపిస్తున్నారు.

లెక్కలమాస్టారు:
తమరు మనస్తత్వ శాస్త్రం కూడా చదివారన్నమాట. మంచిది.

పెసరట్టు_ప్రియుడు:
ఎవరూ పట్టించుకోవడం లేదు గానీ నేను చెప్పాల్సింది చెప్తాను. గ్రనడాలో డ్రింక్ కొంటే తాపా అని చిన్న ప్లేటు ఉచితంగా పెడతారు, ఏం పెట్టాలో చాలాచోట్ల వాళ్ళిష్టమే. సగంసార్లు పంది మాంసం ముక్క ఉంటుంది. 'వెజిటేరియన్' అంటే హామ్ తీసేసి ట్యూనా వేసి తెచ్చిన మహానుభావులున్నారు. మాంసం, చేప రెండూ వద్దని విడివిడిగా చెప్పుకోవాలి. బెరెంఖేనాస్ అని వంకాయ ముక్కలు వేయించి పైన నల్లటి చెరుకు పాకం పోస్తారు, అది దొరికితే బతికినట్టే. రాత్రి ఎనిమిదిన్నర దాకా చాలా వంటశాలలు తెరవరు, పెద్దవాళ్ళెవరైనా ఉంటే పులిహోర కలుపుకెళ్ళండి.

తెనాలమ్మాయి:
నేను చాలారోజులుగా చదివిపోయేదాన్నే, ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను. నడకదారి గారూ, మీరు యూరప్‌లోనే ఉంటారనుకుంటా. మీ మాటల్లో తెలిసిపోతోంది. ఈసారి ఊరు చూడండి, ప్యాలెస్ ఇంకోసారి చూడొచ్చు అన్న ధీమా అది. మేం ఇక్కణ్ణుంచి రావాలంటే వీసా అపాయింట్‌మెంట్ కోసం రోజూ పొద్దున్నే సైట్ తెరవాలి, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, లీవ్ లెటర్, ఇన్సూరెన్స్, హైదరాబాద్ వెళ్ళి వేలిముద్రలు. ఇంతా చేస్తే లెక్కపెట్టి ఇన్ని రోజులని స్టిక్కర్ వేస్తారు. పోయినేడు మా గ్రూపు గైడ్ కూడా అచ్చం మీలాగే, టైము చాలదని బయటి నుంచే చూపించి 'నెక్స్ట్ ట్రిప్‌లో లోపల చూద్దురుగాని' అన్నాడు. ఏ నెక్స్ట్ ట్రిప్? నేను చిట్టీ పాడి వచ్చాను. నాకు ఆ సందులూ ఆ సాయంకాలపు వెలుతురూ వద్దు, పుస్తకంలో బొమ్మ చూసిన ఆ సింహాలే కావాలి. అలా కోరుకోవడం చవకబారు అన్నట్టు మాట్లాడతారేంటి?

నడకదారి:
చవకబారు అని నేనెక్కడా అనలేదు.

తెనాలమ్మాయి:
'ముందువాడి వీపు, వెనకవాడి సెల్ఫీ కర్ర' అన్నది ఎవర్ని? ఆ వెనకవాణ్ణి నేనే.

రైన్‌తీరం:
చలికోటు గారూ, గ్రనడా కార్డ్ చూశారా?

నడకదారి:
సరే, ఒకటి ఒప్పుకుంటాను, నేను ఇక్కడుంటాను, నాకు తొందర లేదు. అడిగినాయన కూడా మ్యూనిక్‌లోనే ఉంటానన్నాడు, ఆయనకి తగ్గ సలహా ఇచ్చాను. చలికోటు గారూ, నలుగురం అన్నారు, ఎవరెవరు? మీ పిల్లలా?

చలికోటు:
లేదండీ. నేను, మా ఆవిడ, మా అమ్మానాన్న. వాళ్ళు నరసరావుపేట నుంచి వచ్చారు, మూడు నెలల వీసా, నవంబర్‌లో తిరుగు ప్రయాణం. నాన్నకి 71, మోకాలు నొప్పి ఉంది కానీ నడుస్తారు. గ్రనడా అన్నది కూడా నాన్నే. హైస్కూల్లో సోషల్ చెప్పేవారు.

లెక్కలమాస్టారు:
ఈ మాట మొదటి పోస్టులో రాయాల్సిందయ్యా! ఇంతసేపూ దేని మీద కొట్టుకున్నాం మేం?

గోదారిగట్టు:
తిరుమల మీద.

నడకదారి:
అయితే నేను ఇంకా గట్టిగా చెప్తాను, అల్హంబ్రా తగ్గించండి. అన్నీ చూడాలంటే మూడు గంటలకి పైగా నడక, ఎత్తుపల్లాలు, అల్కసాబాలో బురుజు మెట్లు. అల్బైసిన్‌కైతే సీ31 అని చిన్న ఎర్ర బస్సు ఉంది, పైదాకా తీసుకెళ్తుంది. మోకాలు నొప్పి ఉన్నాయన్ని ఎవరికోసం నడిపిస్తారు?

లెక్కలమాస్టారు:
కొండకీ సీ30, సీ32 బస్సులున్నాయి, ఆ ముక్క ఎందుకు దాచారు? అయినా ఆయన ఎంత నడవగలడో ఆయనకి తెలీదా? 71 ఏళ్ళ మనిషి, సోషల్ చెప్పిన మనిషి, గ్రనడా అని నోరు తెరిచి అడిగితే, బస్సులో కూర్చోబెట్టి ఎదుటి కొండ మీంచి చూపిస్తారా? మా అత్తగారొచ్చినప్పుడు మేమూ ఇలాగే, ఆవిడ అలిసిపోతుందని మేమే అనుకుని సగం ఊళ్ళు ఎగ్గొట్టాం. మరుసటేడు మళ్ళీ పిలుద్దామంటే వీసా రిజెక్ట్ చేశారు. కారణం కూడా సరిగ్గా చెప్పలేదు.

తెనాలమ్మాయి:
ఆయన్నే అడగండి, ఆయన పక్క గదిలోనే కదా ఉన్నారు.

చలికోటు:
అడిగాను. నాన్న 'ఆ ప్యాలెస్ చూడనప్పుడు అంతదూరం ఎందుకురా, ఇక్కడే ఏదైనా చూద్దాం' అన్నారు. అమ్మ మాత్రం అక్కడ దగ్గర్లో గుడేమైనా ఉందా అని అడిగింది. మా ఆవిడది మొదట్నుంచీ నడకదారి గారి పార్టీ.

రైన్‌తీరం గారూ, మీరు చెప్పిన కార్డ్ చూశాను, క్షమించండి ఇంత ఆలస్యంగా చూసినందుకు. ఆదివారం పొద్దున స్లాట్‌లో రెండే ఉన్నాయి. రాత్రి టికెట్లు లేవు. రెండూ అమ్మానాన్నలకి తీసుకుని, మాకిద్దరికీ తోటల టికెట్ తీసుకోనా? కానీ వాళ్ళిద్దర్నీ భాష రాని చోట ఒంటరిగా లోపలికి పంపాలంటే భయంగా ఉంది.

నడకదారి:
పంపకండి. జనంలో తప్పిపోతే?

లెక్కలమాస్టారు:
30 ఏళ్ళు హైస్కూలు పిల్లల్ని కాసుంటాడు ఆయన, తప్పిపోతాడా? తీసుకోండి ముందు, ఇక్కడ కబుర్లు చెప్తూ కూర్చుంటే ఆ రెండూ పోతాయి.

రైన్‌తీరం:
తీసుకోండి. ప్యాలెస్‌ల లోపల జనం అంతా ఒకే దారిలో ముందుకి సాగిపోతారు, పక్కదారులు లేవు. బయటికొచ్చేది పార్తల్ తోట వైపు, పెద్ద కొలను ఉంటుంది. మీ తోటల టికెట్‌లో పార్తల్ కూడా ఉంటుంది కాబట్టి మీరిద్దరూ ఆ కొలను దగ్గర నిలబడండి. హెనెరలీఫే, అల్కసాబా నలుగురూ కలిసే చూడొచ్చు.

నడకదారి:
కొలను దగ్గర నీడ తక్కువ. టోపీ పెట్టుకోండి.

చలికోటు:
తీసుకున్నాను. రెండూ వచ్చాయి. పాస్‌పోర్ట్ నంబర్లు, పేర్లు అడిగాడు, నింపాను.

రైన్‌తీరం:
పాస్‌పోర్ట్ ఒరిజినల్ పట్టుకెళ్ళండి, లోపల కూడా చూస్తారు. మీ నాన్నగారి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడిలో ఇంటిపేరే ఉందా, లేక మనవాళ్ళలో చాలామందికి ఉన్నట్టు ఆ గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు కిందే ఉందా? ఎలా ఉంటే అలాగే కొట్టారా?

చలికోటు:
ఒక్క నిమిషం. నాన్నని లేపి చూస్తాను.