ఆంధ్రా రైస్ కార్డు మీద పర్లాకిమిడిలో బియ్యం రావట్లేదు, ఏం చేయాలి?

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. మా తమ్ముడు విశాఖలో తాపీ పని చేసేవాడు, కరోనా రెండో వేవ్‌లో పనులు ఆగిపోయి 2021 మే మొదటి వారంలో భార్యా ముగ్గురు పిల్లలతో మా ఇంటికొచ్చేశాడు. వాళ్ళ కార్డు ఆంధ్రాది, ఐదుగురి పేర్లున్నాయి. మే, జూన్‌కి కేంద్రం ఉచితంగా ఇచ్చే మనిషికి 5 కిలోలు, మామూలు కోటా ఇంకో 5, ఏదీ అందలేదు. ఒక రాష్ట్రం కార్డు మీద వేరే రాష్ట్రంలోనూ రేషన్ తీసుకునే వన్ నేషన్ వన్ రేషన్ ఉంది కదా అని ఇక్కడ ఇద్దరు డీలర్ల దగ్గరికెళ్ళాం, తమ్ముడి వేలిముద్ర మూడుసార్లు, మరదలిది రెండుసార్లు పెట్టాం, మెషిన్ వేలిముద్ర తీసుకుంటోంది గానీ కార్డు చూపించట్లేదు. ఆధార్ నంబర్లు సరిచూసుకున్నాం, రేషన్ హెల్ప్‌లైన్ 14445కి నాలుగుసార్లు ఫోన్ చేస్తే లైన్ కలవలేదు. ఆంధ్రాలో అప్పట్లో రేషన్ బండి ఇంటికే వచ్చేది కానీ వీళ్ళు ఊళ్ళో లేరు కదా. మా కార్డు బియ్యం పదిమందికి పదిహేను రోజులకే అయిపోతోంది, పిల్లలకి రాత్రి గంజే పోస్తున్నాం. కొన్ని ఆంధ్రా కార్డులు కేంద్రం లెక్కలో ఉండవు, రాష్ట్రానివే, అవి బయట పనిచేయవు అని ఒకాయన అన్నాడు. మా తమ్ముడి కార్డు ఏ రకమో ఇక్కడినుంచే ఎలా తెలుసుకోవాలి?