‘ఉపేక్ష సేసి’నా, ‘ఉపేక్ష చేసి’నా? తిక్కన పద్యం, ఒక అలబామా జడ్జి

గుంటూరు పాఠకురాలు: అమెరికా ఫెడరల్ జడ్జి ఫ్రాంక్ జాన్సన్ గురించి చదువుతున్నప్పటి నుంచి తిక్కన భారతంలో కృష్ణుడు కౌరవసభలో చెప్పే రాయబారం పద్యం ఒకటి నోట్లో నానుతోంది: ‘సారపు ధర్మమున్ విమల సత్యము బాపముచేత బొంకుచే బారము బొందలేక చెడబారినదైన యవస్థ దక్షు లెవ్వార లుపేక్ష... రది వారల చేటగు గాని ధర్మ నిస్తారకమయ్యు సత్య శుభదాయకమయ్యును దైవ ముండెడున్’. ధర్మం, సత్యం చెడుతుంటే ఆపగలిగీ ఊరుకున్నవారికే అది చేటు అని. ‘ఉపేక్ష’ తర్వాత ‘సేసి’యా, ‘చేసి’యా? 1955లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జాన్సన్‌ని అలబామా రాజధాని మాంట్‌గోమరీలో జడ్జిగా వేశాడు. మరుసటి ఏడాదే అక్కడి సిటీ బస్సుల్లో నల్లవాళ్లకు వేరు సీట్లు చెల్లవని ముగ్గురు జడ్జీల బెంచి 2-1తో తేల్చింది. ఆ ఇద్దరిలో ఈయనొకడు. దక్షుడంటే ఇలాంటివాడే అనిపించింది.

తెలుగు మాస్టారు: ‘సేసి’ అమ్మా. ప్రథమ మీద పరుషానికి గసడదవాదేశం, అంటే ‘చ’ బదులు ‘స’ వస్తుంది. పైగా ముందే ‘పాపముచేత బొంకుచే’ అని రెండు ‘చే’లు పడ్డాయి. ఇంకొకటి తిక్కన చెవి ఒప్పుకోదు.

నెల్లూరు పద్యప్రియుడు: మాస్టారూ, ఆ ఆదేశం బహుళం కదండీ, ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు. ‘చేసిరి’ని అదే పాదంలో ‘చేటు’తో కలిపి చదివి చూడండి. చేసినదే చేటై తగులుతుంది. ఆ దెబ్బ ‘సేసి’లో లేదు. యతి ‘వ్వా-వా’కు కుదిరింది, ప్రాస రేఫ (‘ర’). కాబట్టి ఛందస్సు ఈ తగువు తీర్చదు.

హైదరాబాదు ప్లీడరు: మీరు ‘చే’ దగ్గరే ఆగారు. అసలు చిక్కు ‘ఉపేక్ష’లో ఉంది. ఉప, ఈక్ష: దగ్గరుండి చూడటం. ఎవరో దావా వేస్తే తప్ప జడ్జి తానుగా కదలడానికి లేదు. అలాంటివాణ్ణి ‘దక్షుడు’ అనొచ్చా? అక్కడి డిస్ట్రిక్ట్ జడ్జిని మన జిల్లా జడ్జిలా అనుకోకండి. దేశాధ్యక్షుడు ఎంపిక చేస్తే సెనేట్ ఒప్పుకోవాలి, పదవి జీవితాంతం. కానీ చేసే పని ట్రయలే: సాక్షుల్ని వినడం, ఆర్డర్ ఇవ్వడం. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మా వంతెన మీద, ఓటు హక్కు కోసం నడుస్తున్న నల్లజనాన్ని పోలీసులు చితకబాదారు. 9న మళ్లీ నడుస్తామంటే, విచారణ అయ్యేదాకా ఆగమన్నది ఈ జాన్సనే. అది ఉపేక్ష కాదా?

గుంటూరు పాఠకురాలు: కాదండీ. సాక్ష్యం వినకుండా ఆర్డర్ ఇస్తే పైకోర్టులో నిలబడొద్దూ? 17న నడవొచ్చని తీర్పు ఇచ్చాడు. అన్యాయం ఎంత పెద్దదైతే నిరసన హక్కు అంత పెద్దదిగా ఉండాలి, ఈ కేసులో అన్యాయాలు చాలా పెద్దవి అన్నాడు. 21న నడక మొదలైంది. రోడ్డు రెండు లేన్లే ఉన్నచోట 300 మందికి మించొద్దని కూడా రాశాడు. ఎదురుగా ఉన్నది చూసి, తూచి కదిలాడు.

నెల్లూరు పద్యప్రియుడు: మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కనకు సభలో మౌనం ఎలా ఉంటుందో బాగా తెలుసు. అందుకే భీష్ముడు, ద్రోణుడు అని పేర్లు పెట్టకుండా ‘దక్షు లెవ్వారలు’ అన్నాడు. కూర్చున్న ప్రతివాడికీ తగులుతుంది. తెలుగులో నిందకు ఇంతకు మించిన మర్యాద నేను చూడలేదు. ఇక ‘నిస్తారకం’ అంటే ఒడ్డు చేర్చేది. జాన్సన్ చేసిందీ అదే. అలబామాలోనే టస్కలూసాలో బ్రైస్ మానసిక వైద్యశాల కేసు చూడండి. రోగులకు చికిత్స హక్కు ఉందని చెప్పి వదిలేయలేదు. 1972లో సిబ్బంది ఎంతమంది ఉండాలో, మనిషికి ఎంత చోటు ఉండాలో కూడా ఆర్డర్లో పెట్టాడు. 1976లో అలబామా జైళ్లకూ అంతే.

హైదరాబాదు ప్లీడరు: అలాగైతే పద్యం ఇక్కడ తిరగబడిందండీ. ఉపేక్షించినవారికి చేటు అన్నాడు తిక్కన. ఇక్కడ ఉపేక్షించనివాడికే వచ్చింది. లా కాలేజీలో ఆయనతో చదివిన జార్జ్ వాలెస్ అలబామా గవర్నరయ్యి ఊరూరా తిట్టాడు. 1967లో జాన్సన్ తల్లి ఇంటి మీద బాంబు వేశారు. ఆవిడకు దెబ్బ తగలకపోవడం అదృష్టం.

తెలుగు మాస్టారు: వాక్యాన్ని సరిగ్గా చదవండి నాయనా. ఉపేక్షిస్తే చేటు అన్నాడు గానీ, ఉపేక్షించకపోతే చేటు రాదని ఎక్కడన్నాడు? ‘కాని’ తర్వాత ధర్మానికీ సత్యానికీ దైవం ఉందన్నాడు. దక్షులకు ఉందనలేదు. తిక్కన అక్షరానికి ఇంత కాపలా కాస్తాడు కాబట్టే నేను ‘సేసి’ వదలను.

వరంగల్ విద్యార్థి: మాస్టారూ, ‘నిస్తారకమయ్యు’, ‘దాయకమయ్యును’లో ‘అయ్యు’కు మా సార్ ‘అయినప్పటికీ’ అని చెప్పారు. ‘దాటించేదైనా దైవం ఉంటుంది’ అంటే అర్థం కుదరడం లేదండి.

నెల్లూరు పద్యప్రియుడు: కుదరదు తమ్ముడూ. అక్కడ ‘ఉ’ సముచ్చయం, రెండింటినీ కలిపి చెప్పడం. దాటించేదిగానూ, శుభమిచ్చేదిగానూ దైవం ఉంటుందని.

తెలుగు మాస్టారు: సముచ్చయమే అనుకుందాం. మరి మొదటిదానికి లేని ‘ను’ రెండోదానికే ఎందుకొచ్చిందో చెప్పండి.