పొద్దున్నే స్టార్ట్ కాని పాత డీజిల్ పికప్: పంపు విప్పించాలా వద్దా?

ప్రశ్న:
అన్నలూ, నాది 2007 మోడల్ పికప్, కామన్ రైల్ అంటారే, కంప్యూటర్‌తో నడిచే డీజిల్ సిస్టం, అది కాదు, ఇంజనుకి డీజిల్ తోసే పాత మెకానికల్ పంపు. మదనపల్లె మార్కెట్‌కి టమాటా తోలుతా. రెండు నెలల్నుంచి ఒకటే గోల. రాత్రి పెట్టి పొద్దున సెల్ఫ్ కొడితే బ్యాటరీ దిగిపోతాది గానీ బండి అందుకోదు, ఫిల్టర్ మీదుండే హ్యాండ్ పంపు ముప్పై నలభై సార్లు నొక్కితే గట్టిపడతాది, అప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్. పగలంతా ఏ బాధా లేదు. ఇంకోటి, చిత్తూరు నుంచి తిరుగు లోడు వేసుకోని మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు సగంలో లాగడం మానేసి ఆగిపోతాది, పది నిమిషాలు ఊరుకుంటే ఏం జరగనట్టు పోతాది. ఫిల్టర్ రెండుసార్లు మార్చినాం. మెకానిక్ ఏమో పంపు ఓవరాలింగే, ఇరవై వేలు అంటాండాడు. ఎక్కడా ఒక్క చుక్క డీజిల్ కారడం లేదు. ఏం చేసేది?

జవాబు:
ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు పోయుంటాయి బ్రో, టెస్టింగ్‌కి ఇవ్వు.

ఇంకో జవాబు:
తమ్ముడూ ఆగు, పంపు జోలికీ నాజిళ్ల జోలికీ ఇప్పుడే పోకు. హ్యాండ్ పంపు కొట్టగానే ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటోందంటే ఆ రెండూ పని చేస్తున్నట్టే కదా, పొద్దున పూట లైన్లో డీజిల్ ఉండట్లేదు, అంతే. ట్యాంకు కింద, పంపు పైన. ఎక్కడో సన్న సందులోంచి రాత్రంతా గాలి దూరి డీజిల్ వెనక్కి ట్యాంకులోకి దిగిపోతోంది. చుక్క కూడా కారట్లేదు అన్నావే, అందరూ మోసపోయేది అక్కడే. నీ బండికి హ్యాండ్ పంపు ఫిల్టర్ మీదే ఉందంటే చాలావరకు ట్యాంకు నుంచి పంపు దాకా లైనంతా పీల్చే లైనే, తోసేది కాదు. బండి నడుస్తుంటే ఆ సందులోంచి డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. నేను మా బండికి ఇలాగే రెండు ఫిల్టర్లు, ఒక బ్యాటరీ దండగ చేసుకున్నాక తెలిసింది.

ముందు ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య ఒక అడుగు ట్రాన్స్‌పరెంట్ పైపు వేసి, స్టార్ట్ చేసి చూడు. బుడగలు వస్తుంటే గాలి దూరుతున్నట్టే. ఎక్కడ దూరుతోందో తేలాలంటే ట్యాంకు పైపు పీకేసి 5 లీటర్ల క్యానులో డీజిల్ పోసి అందులోంచి తాగించు. మిగిలిన డీజిల్‌ని వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు కూడా అదే క్యానులో పెట్టాలి, లేకపోతే క్యాను ఖాళీ అయి ట్యాంకులోకి చేరుతుంది. క్యాను పంపు కంటే కిందే ఉండాలి, పైన పెడితే డీజిల్ దానంతటదే దిగి లీకు దాక్కుంటుంది. సైలెన్సర్‌కి దూరంగా పెట్టి, ఉన్నచోటే ఆన్ చేసి ఆపి రాత్రంతా అలా వదిలెయ్. పొద్దున టక్కున స్టార్ట్ అయితే తప్పు ట్యాంకు వైపు పైపుల్లో. కాకపోతే ఫిల్టర్ హెడ్డు, హ్యాండ్ పంపు, బ్యాంజో బోల్టుల (పైపుల్ని బిగించే బోలు బోల్టులు) రాగి వాషర్లు, నాజిళ్ల మీద ఉండే సన్న రిటర్న్ పైపులు చూడు. విప్పిన రాగి వాషర్ మళ్లీ వెయ్యకు, కొత్తది పది రూపాయలు.

ఘాట్ సంగతి వేరే ఉన్నట్టుంది. ఈసారి ఆగిపోగానే ట్యాంకు మూత తియ్, ఉస్స్‌మని గాలి పీల్చుకుంటే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. శబ్దం లేకపోతే ట్యాంకు లోపల డీజిల్ పీల్చే పైపుకుండే జాలీ అనుకో, ఎత్తు ఎక్కేటప్పుడు పంపు గట్టిగా పీలిస్తే చెత్త జాలీకి అతుక్కుంటుంది, బండి ఆపితే రాలి కిందపడుతుంది. నీ పది నిమిషాల కథ అదే అయ్యుంటుంది.

మధ్యలో ఒకరు:
అన్నా నాది కామన్ రైల్ బండి, మిస్సింగ్ కొడుతోంది, నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటి లూజు చేసి చూడొచ్చా?

జవాబు:
వద్దు బాబూ! అందులో ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది, సన్నధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనపడుతుంది గానీ లోపల చెయ్యి పాడైపోతుంది, అలా జరిగితే ఒక్క నిమిషం ఆగకుండా ఆస్పత్రికే. దాన్ని స్కానర్ పెట్టి చూపించు. పాత బండ్లకి లూజు చేసి చూస్తారు నిజమే, అక్కడ కూడా లీకు చేత్తో తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడాలి.

అడిగినతను, నాలుగు రోజులకి:
అన్నా దొరికింది! పైపులో సోడా మాదిరి బుడగలు. క్యాను పెట్టిన పొద్దున రెండో తిప్పుకే స్టార్ట్. ట్యాంకు దించి చూస్తే ఛాసిస్ పక్కన రబ్బరు పైపు క్లిప్పు కిందే పగిలుంది, పైకి ఏమీ కనపడదు, వంచితేనే నోరు తెరుస్తాది. జాలీకి నల్లటి జిగురు, తుప్పు. పైపులు, క్లిప్పులు, ట్యాంకు కడిగించింది కలిపి పన్నెండు వందలు. నిన్న లోడుతో ఘాట్ ఆగకుండా ఎక్కినా. ఆ తుప్పు మళ్లీ రాకుండా ఏమన్నా ఉందా?

జవాబు:
రాత్రిపూట ట్యాంకు అడుగంటా పెట్టకు, ఖాళీలో తేమ పట్టి నీళ్లు చేరతాయి. సాయంత్రమే పోయించుకో. ఫిల్టర్ కింద డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, వారానికోసారి ఒక గాజుగ్లాసులోకి కాస్త వదులు, నీళ్లుంటే అడుగున తేలిగ్గా కనపడిపోతాయి. స్క్రూ బిగించాక హ్యాండ్ పంపు కొట్టడం మర్చిపోకు, లేదంటే పొద్దున మళ్లీ ఇక్కడికే వస్తావు.